దారిపెట్టె

నీళ్ళ ఆఫీసు గుమాస్తా రోడ్డు దాటి వచ్చేసరికి మేస్త్రి కూతురు జీపు కింద పడుకుని ఉంది. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. గుమాస్తా ఆ కాళ్ళతోనే మాట్లాడాడు.

"మీ తమ్ముడికి నొప్పి తగ్గలేదమ్మా. కుడివైపుకి దిగిందట. జ్వరం కూడా పట్టుకుంది. వైర్‌లెస్‌లో డాక్టరుగారిని కలిపాం. అపెండిసైటిస్ అట, కోసి తియ్యాల్సిందే, ఆలస్యం చెయ్యకుండా తీసుకొచ్చెయ్యమన్నారు."

కూతురు బయటికి జరిగి లేచి కూర్చుంది. "మీ బండి?"

"మీ దగ్గరే ఉంది కదా." గుమాస్తా షెడ్డు మూలకి చూపించాడు. ఆఫీసు జీపు ఇంజను లేకుండా దిమ్మల మీద నిలబడి ఉంది. ఇంజను దాని పక్కనే, ముక్కలుగా, గోనెపట్టా మీద ఉంది. వానలకి ముందు విప్పింది అది. "ఎప్పుడడిగినా రేపంటారు మీ నాన్నగారు. నేనేమీ అనడం లేదనుకో. డీజిల్ ట్యాంకరు ఉంది గానీ రేపు పొద్దున గానీ కదలదు."

"అయితే ఇదే," అని ఆమె తమ జీపు బానెట్ మీద చెయ్యి వేసింది.

తమ్ముడు పంపుహౌసులో ఆపరేటరు. పంపుహౌసు రాళ్ళమైదానానికి అవతల ఉంది. అక్కడ ఉండేది అతనూ, ఒక వంటాయనా. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరతారు. మధ్యలో ఎండిన వాగులు తప్ప ఇల్లు లేదు, కొట్టు లేదు. బండి ఆగితే అటుగా ఇంకో బండి వచ్చేదాకా ఆగిన చోటే ఉండాలి.

అందుకే ఆ ఊళ్ళో మైదానం దాటే డ్రైవరు ఎవరైనా ముందు మేస్త్రి షెడ్డుకి వస్తాడు. మేస్త్రి అంటే ఈ కూతురి తండ్రి. బండి చూసి, దానికి దారిలో ఏం పోవచ్చో ఆలోచించి, ఆ సామాన్లు ఒక రేకుపెట్టెలో సర్ది ఇస్తాడు. దాన్ని దారిపెట్టె అంటారు.

దారిపెట్టెకి మేస్త్రి పెట్టిన నియమాలు రెండు. మొదటిది, కొత్త సామాను పెట్టెలో పెట్టకూడదు. కొత్తది బండికి బిగించి, బండిలోంచి తీసిన పాతది పెట్టెలో పెట్టాలి. కొత్తది సరిపోతుందో లేదో బిగిస్తే గానీ తెలియదు. పాతది ఆ బండిలో నడిచిందే, కాబట్టి మళ్ళీ నడుస్తుంది. రెండోది, పెట్టె కట్టాక తీగ చుట్టి, తీగ మీద సీసం బిళ్ళ పెట్టి నొక్కుతాడు. దారిలో బండి ఆగేదాకా ఆ సీలు ఎవరూ విప్పకూడదు. పూర్వం డ్రైవర్లు ఇంటి దగ్గరే పెట్టెలు విప్పి, బెల్టు ఒకడికీ హోసు ఒకడికీ బదులిచ్చేవాళ్ళు. తీరా మైదానం మధ్యలో చూసుకుంటే పెట్టెలో గుడ్డలే మిగిలేవి. "ఆపిన బండికి పెట్టె విప్పకూడదు, ఆగిన బండికే విప్పాలి" అంటాడు మేస్త్రి. ఎవరినైనా సాగనంపేటప్పుడు ఆయన అనే మాట ఒక్కటే: "సీలుతో వెళ్ళి సీలుతో రా."

మేస్త్రి బల్ల ముందు కూర్చున్నాడు. ఆయన వెనక గోడకి మేకులు, మేకులకి బెల్టులు. పక్కన అలమర. విప్పిన సామాను పారెయ్యడం ఆయనకి చేతకాదు. కూతురు స్కూల్లో చదివే రోజుల్లో వాళ్ళకి పెట్రోలు జీపు ఉండేది. దాన్ని తుక్కుకి అమ్మి ఈ డీజిల్ జీపు కొన్నారు. అమ్మేముందు దానిలోంచి తీసినవి కూడా ఆ అలమరలోనే ఉన్నాయి.

"వెనక చోటు ఎంత కావాలే?" అన్నాడు మేస్త్రి.

"వాడు పడుకుని రావాలి నాన్నా. ఒక్క పెట్టే పడుతుంది."

"ఎవరు పడుకోవాలి?"

తల్లి వంటింటి గుమ్మంలోంచి అందుకుంది. "చిన్నోడండీ. కడుపునొప్పి."

"వాడికెప్పుడూ కడుపునొప్పే. స్కూలున్న రోజయితే మరీను."

కూతురు నవ్వబోయి ఆగింది. ఆయన హాస్యమాడాడో, చిన్నోడు ఇంకా స్కూలుకి వెళ్తున్నాడనుకుంటున్నాడో ఆమెకి తేలలేదు. వానలు మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో చాలా మాటలకి ఇదే పరిస్థితి.

"ఒక్క పెట్టె అంటే బేరం గట్టిదే," అన్నాడాయన. ముఖం తేటపడింది. "చెప్పు, ఏమేం కావాలంటావో."

"యాక్సిల్ రాడ్డు?"

"పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్తావా? అది విరిగితే విప్పి పారేసి ముందు చక్రాల మీద వస్తావు."

"కమాను పట్టీ?"

"కర్ర పెట్టి తాడు కట్టుకో. ఒళ్ళు హూనమవుతుంది, అంతే. ఇల్లు చేరతావు."

"డైనమో?"

"పగలు వెళ్తున్నదానికి లైట్లెందుకు? బండిని దిగువన ఆపుకోకు, వాలు మీద ఆపుకో. తోస్తే లేస్తుంది." ఆయన వేళ్ళు మడిచాడు. "నీళ్ళు, నూనె, గాలి, నిప్పు. ఈ నాలుగూ అందుతుంటే బండి పోతుంది. వీటిలో ఏది ఆగినా దానికి మందు పెట్టెలో ఉండాలి. మిగతావన్నీ మోత బరువు."

చిన్నప్పటి నుంచీ విన్న పాఠమే. ఆమె తల ఊపింది.

"నీళ్ళ పంపు కూస్తోంది నాన్నా."

"నువ్వు స్టార్టు చెయ్యగానే విన్నాను. బేరింగు. మార్చాలంటే ఒక పూట పడుతుంది."

"ఆ పూటే లేదు."

"అయితే పాత పంపు పెట్టెలో వేస్తాను. పోయేదాకా పోనీ. పోతే దారిలో మార్చుకో. నీకు చేతకాని పనా?"

ఆమె బానెట్ ఎత్తి ఫ్యాను బెల్టు మార్చింది. కొత్తది బిగించి, తీసిన పాతది తెచ్చి తండ్రికిచ్చింది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, లోపలి అంచు పొడవునా బొటనవేలు జరిపి, పగుళ్ళు లేవని చూసుకుని మేకుకి తగిలించాడు. పెట్టెలో పెట్టే ముందు సామాన్లన్నీ అలా ఒకసారి చూసి పక్కన పెట్టుకోవడం ఆయనకి అలవాటు. ఆమె వెళ్ళి నీళ్ళ డబ్బాలు నింపింది. తిరిగి చూసేసరికి ఆయన చేతిలో నీళ్ళ పంపు ఉంది. దాని ముఖానికి గ్రీజు రాసి గుడ్డలో చుడుతున్నాడు. పాతదే. పెట్టెలోకి వెళ్ళేవన్నీ పాతవే. చుట్టిన గుడ్డలు ఒక్కొక్కటీ పెట్టెలో చేరుతున్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో ఆ చేతులు తడుముకోవడం లేదు.

తల్లి అన్నం డబ్బా కట్టి ఇస్తుంటే కూతురు వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, మూత వెయ్యకముందు పెట్టె ఒకసారి చూసుకుంటాను."

"వద్దు."

"ఒక్కసారి పైపైన."

"పైపైన చూసినా ఆయనకి తెలుస్తుంది." తల్లి గొంతు తగ్గించింది. "మొన్న నన్ను నువ్వెవరమ్మా అని అడిగాడు. కాసేపటికి తనకే అర్థమైంది ఏమడిగాడో. స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఎంత పిలిచినా రాలేదు. మాటలదేముందే, పంచపాండవులంటే మంచంకోళ్ళలా ముగ్గురంటాడు. చేతులు మర్చిపోలేదు. బోల్టు చేతిలో పెడితే కళ్ళు మూసుకుని సైజు చెప్తున్నాడు. నువ్వే చూశావుగా."

"చూశాను."

"బయటవాళ్ళెవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నాం. కన్నకూతురివి, నువ్వు ఆయన పెట్టె సోదా చేస్తే ఇంక ఆయనకేం మిగిలింది?"

కూతురు డబ్బా తీసుకుని బయటికి వచ్చింది. మేస్త్రి తీగ చుట్టేశాడు. సీసం బిళ్ళ మీద పట్టకారు నొక్కి, గోటితో గీకి చూసి, పెట్టెని జీపు దాకా తనే మోశాడు.

"సీలుతో వెళ్ళి సీలుతో రా," అన్నాడు.

మైదానం మొదట్లో ఉన్న వాగు దాటుతుంటే పంపు కూత మారింది. అంతకుముందు ఈల వేసినట్టుండేది, ఇప్పుడు రాయి మీద ఇనుము రాసినట్టుంది. ఆమె బండి ఆపి బానెట్ ఎత్తింది. పంపు కింద తడి ఉంది. పారడం లేదు. నీళ్ళు పోసి మూత పెట్టింది. పెట్టె వెనకే ఉంది. అక్కడి నుంచి ఊరు కనిపిస్తోంది. తండ్రి చూసే అవకాశం లేదు. ఆమె వెనక్కి వెళ్ళి సీలు మీద వేలు పెట్టింది. కానీ ఇది ఆపిన బండి, ఆగిన బండి కాదు. పంపు ఉందనేది తెలుసు, తన కళ్ళతో చూసింది. పోతే మార్చుకుంటుంది. ఆమె వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

సగం దూరం దాటాక బండి ఆగింది.

ముందు పంపు అరిచింది. తర్వాత బెల్టు కాలిన వాసన. బానెట్ ఎత్తేసరికి పంపు బేరింగు ముక్కలైంది. దాని ఇరుసు పక్కకి ఒరిగింది. కొత్త బెల్టు తెగి ఫ్యాను వెనక వేలాడుతోంది. నీళ్ళన్నీ ఇసకలోకి పోయాయి. ఆమెకి భయం వెయ్యలేదు. ఇది వస్తుందని తెలిసే వచ్చింది. ఎండ ఇంకా ఉంది. చెయ్యి తిరిగిన పని. చీకటి పడేలోపు తమ్ముడి దగ్గర ఉంటుంది. ఇంజను చల్లారనిచ్చి, పాడైన పంపు విప్పి తీసి, తెచ్చిన పట్టకారుతో సీలు తెంపింది.

పైన బెల్టు ఉంది. దాన్ని తీసి కప్పీల మీదుగా వేసి చూసింది. అందలేదు. జానెడు తక్కువ. తిప్పి వేసింది. మళ్ళీ తక్కువే.

బెల్టు పక్కన పెట్టి పంపు గుడ్డ విప్పింది. గ్రీజు తుడిచి ఇంజను ముఖానికి ఆనించింది. పైబోల్టు రంధ్రం కలిసింది. మిగతావి కలవలేదు. కాసేపు పంపుని అలాగే పట్టుకుని నిలబడింది. చేతులు నొప్పి పుట్టాక దించింది.

తర్వాత మిగతా గుడ్డలు విప్పడం మొదలుపెట్టింది. రేడియేటరు హోసు, వంపు వేరు. పంపు డయాఫ్రం, పెట్రోలుది. కార్బురేటరు జెట్లు. కాయిలు. చిన్న గుడ్డలో నాలుగు స్పార్క్ ప్లగ్గులు, మొనలు గీకి, మధ్య ఖాళీ సరిచేసి.

డీజిల్ జీపుకి స్పార్క్ ప్లగ్గులు ఉండవు.

నీళ్ళు, నూనె, గాలి, నిప్పు. ఆయన ఏదీ మర్చిపోలేదు. ఎక్కడా తుప్పు లేదు. కొత్త సామాను ఒక్కటీ పెట్టలేదు, ప్రతిదీ ఒకప్పుడు ఆయన బండిలో నడిచిందే. ఆ పెట్రోలు జీపు ఈ మైదానంలో ఎక్కడ ఆగినా ఆ పెట్టెతో ఇల్లు చేరి ఉండేది. ఆ జీపు తుక్కుగా కరిగి ఎన్నో ఏళ్ళయింది.

ఆమె ఊరుకోలేదు. విరిగిన పంపునే మళ్ళీ బిగించి, రేకుతో, తాడుతో కారడం ఆపింది. బెల్టు లేకుండానే రేడియేటరు నింపి స్టార్టు చేసింది. వేడి ముల్లు ఎర్రగీత చేరేదాకా నడిపి ఆపింది. చల్లారాక మళ్ళీ పోసి మళ్ళీ నడిపింది. బండి నీళ్ళ డబ్బాలు అయిపోయాక తాగే నీళ్ళు పోసింది. ఒక సీసా మాత్రం తమ్ముడి కోసం ఉంచింది. కాసేపటికి దాన్నీ పోసింది. పొద్దు వాలేవేళకి వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చింది. ఇంజను రెండుసార్లు దగ్గి బిగుసుకుపోయింది. తోయడానికి వాలు ఉంది. తోసినా కదిలే చక్రం లేదు.

తెల్లారాక ఆమె గుడ్డలు ఏరి, సామాను మళ్ళీ చుట్టి పెట్టడం మొదలుపెట్టింది. ఎందుకో ఆమెకీ తెలియదు. ఇసక పట్టిన వాటిని తుడిచి మరీ చుట్టింది. డీజిల్ ట్యాంకరు వచ్చేటప్పటికి ప్లగ్గులు మాత్రమే మిగిలాయి.

ట్యాంకరు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మేస్త్రి కూతురి బండి ఆగిందా? పొద్దు పడమట పొడిచిందేంటమ్మా ఇవాళ?"

దిగి వచ్చాక ఆమె ముఖం చూసి తగ్గాడు. నీళ్ళ సీసా అందించాడు. గుడ్డ మీదున్న ప్లగ్గు ఒకటి తీసి తిప్పి చూశాడు. జీపు వైపు చూశాడు. మళ్ళీ ప్లగ్గు చూశాడు.

"ఇది మీ నాన్న కట్టిన పెట్టేనా?"

"ఆయనే."

అతను ప్లగ్గుని మిగతా వాటి పక్కన పెట్టి, గుడ్డ మడత వేసి ఆమెకిచ్చాడు. "ఎక్కమ్మా," అన్నాడు.

ఆమె తన పెట్టెతో ఎక్కింది. కేబిన్‌లో ఆమె కాళ్ళ దగ్గర ఇంకో రేకుపెట్టె ఉంది. దానికీ తీగ, తీగ మీద అదే సీసం బిళ్ళ. దారంతా ఇద్దరి చూపూ దాని మీదికి పోతూనే ఉంది.

పంపుహౌసు మెట్ల మీద వంటాయన కూర్చుని ఉన్నాడు. ట్యాంకరుని చూసి లేచాడు గానీ ఎదురు రాలేదు. ఆమె దిగి ఆయన దగ్గరికి నడిచింది.

"తెల్లారగట్లమ్మా," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళబోయి, గుమ్మం పట్టుకుని ఆగింది.

"నిన్న మధ్యాహ్నం నుంచే బండి చప్పుడు వినిపిస్తోందన్నాడు. గాలి బాబూ అంటే వినడు. అక్క బండి చప్పుడు నాకు తెలీదా, నీళ్ళ పంపు కూస్తుంది అన్నాడు. రాగానే టీ ఇవ్వాలి, పెట్టమన్నాడు. పెట్టాను. చల్లారిపోయింది. మళ్ళీ పెట్టమన్నాడు." వంటాయన ముఖం తుడుచుకున్నాడు. "తర్వాత నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయింది. హాయిగా ఉందన్నాడు. నేను కూడా గండం గడిచిందనుకున్నానమ్మా."

ఆమె తమ్ముడి మంచం పక్కన కూర్చుంది. పొయ్యి మీద గిన్నెలో టీ మీగడ కట్టి ఉంది. బయట ట్యాంకరు దగ్గర పట్టకారుతో తీగ తెంపిన చప్పుడు వినిపించింది. రేకుమూత తెరుచుకున్న చప్పుడు. చాలాసేపటికి మూత పడింది. డ్రైవరు లోపలికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పెట్టెలో ఏముందో అతను చెప్పలేదు.

ట్యాంకరు కేబిన్‌లో సీట్ల వెనక డ్రైవరు నిద్రపోయే బల్ల ఉంటుంది. దాని మీద తమ్ముణ్ణి పడుకోబెట్టి తీసుకొచ్చారు.

మేస్త్రికి చెప్పారు. ఆయన గోడకి తల ఆనించి ఏడ్చాడు. కొడుకుని ఎత్తుకోవడానికి తనే చెయ్యి వేశాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, చిన్నోడు సెలవు పెట్టి ఎప్పుడొస్తాడని అడిగాడు. తల్లి మళ్ళీ చెప్పింది. ఆయన అప్పుడే మొదటిసారి విన్నట్టు ఏడ్చాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఆ వారం చివర్లో తల్లి కూతుర్ని వంటింట్లోకి పిలిచింది.

"ఇంక చెప్పొద్దే. రోజూ పొద్దున్నే వాణ్ణి మళ్ళీ చంపుతున్నాం."

"అడిగితే?"

"డ్యూటీలో ఉన్నాడని చెప్దాం." తల్లి పొయ్యి వైపు తిరిగింది. "ఆ రోజు నువ్వు చూస్తానన్నావు. నేనే వద్దన్నాను."

తల్లి చాలాసేపు అటే తిరిగి నిలబడింది.

షెడ్డుకి డ్రైవర్లు రావడం మానేశారు. నీళ్ళ ఆఫీసు వాళ్ళు తమ జీపునీ, గోనెపట్టా మీది ముక్కల్నీ లారీలో ఎక్కించుకుపోయారు. గుమాస్తా రోడ్డుకి అటుపక్క నుంచే తల ఊపాడు. ఒకరోజు పొద్దున తలుపు తీస్తే గుమ్మం ముందు ఒక దారిపెట్టె ఉంది, సీలు తెంపి. మర్నాటికి ఇంకోటి. ఎవరు పెట్టారో కనిపించలేదు. ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడిగితే కూతురు చెప్పి ఉండేది.

మేస్త్రి వాటిని లోపలికి మోసుకొచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. పని దొరికినందుకు ఆయన ఒంట్లో హుషారు వచ్చింది. కూతురు తెచ్చిన పెట్టె మొదట తీసుకున్నాడు. తెగిన తీగని వేలికి చుట్టుకుని చూశాడు.

"ఇది నువ్వు తీసుకెళ్ళిందే కదా?"

"అవును నాన్నా."

ఆయన గుడ్డలు విప్పి సామాన్లన్నీ బయట పెట్టాడు. పంపు తిప్పి చూశాడు. బెల్టు అంచు మీద బొటనవేలు జరిపాడు. ప్లగ్గులు వెలుతురుకి పట్టుకుని చూశాడు. ఆయన తల వెనక మేకుకి ఆ రోజు ఆమె తన జీపులోంచి తీసిచ్చిన బెల్టు వేలాడుతోంది. ఎక్కడ తగిలించాడో అక్కడే ఉంది.

"ఏదీ వాడలేదే," అన్నాడు.

"లేదు."

"బండి చక్కగా నడిచిందన్నమాట." ఆయన సంతోషపడ్డాడు. తర్వాత తీగ చూసి నొసలు ముడిచాడు. "మరి సీలెందుకు విప్పావే? ఆపిన బండికి విప్పకూడదని నీకు కూడా చెప్పాలా? నా కూతురివై ఉండి నువ్వే ఇలా చేస్తే బయటవాళ్ళని నేనేం అడగను?"

కూతురు చెప్పబోయింది. తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. కూతురు గుడ్డలు ఏరి తండ్రి ముందు పెట్టింది.

మేస్త్రి సామాన్లు ఒక్కొక్కటే చుట్టి, ఎక్కడివక్కడ పెట్టెలో సర్దాడు. మూత వేశాడు. సొరుగులోంచి తీగ తీశాడు.

"ఈ కొస పట్టుకో. గట్టిగా."

ఆమె పట్టుకుంది. ఆయన తీగ చుట్టి, సీసం బిళ్ళ పెట్టి పట్టకారు నొక్కాడు. గోటితో గీకి చూసుకుని పెట్టెని ఆమె వైపు జరిపాడు.

"చిన్నోడికిచ్చి రా. వాడక్కడ ఒక్కడే ఉంటాడు, ఎప్పుడేం అవసరం వస్తుందో," అని ఇంకో పెట్టె ముందుకి లాక్కున్నాడు.